షుగరు వ్యాధి – కాలి పుండు – చీము

"నొప్పేమీ లేదండీ, అదే తగ్గిపోతుందిలే అనుకున్నాం." షుగరు వ్యాధి ఉన్నవారి కాళ్ళకు కట్లు కట్టే ఏ ఆసుపత్రిలోనైనా తరచుగా వినిపించే మాట ఇది. చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. పాదం అడుగున రూపాయి బిళ్ళంత పుండు, దాని చుట్టూ వాపు, కట్టు విప్పగానే గదంతా వాసన. అయినా వారికి నిజంగానే నొప్పి లేదు. మామూలు మనిషికి ముల్లు గుచ్చుకుంటే అక్కడే కూర్చుని తీసేసుకుంటాడు. వీరి కాలిలో అదే ముల్లు పది రోజులు ఉండిపోతుంది. ఆ పది రోజుల్లో లోపల సూక్ష్మక్రిములు ఏం చేస్తాయి? మందులు వాటిని ఎంతవరకు ఆపగలవు? ఎక్కడ ఆపలేవు? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని ఐ.సి.ఎం.ఆర్. జరిపించి 2023లో ప్రచురించిన సర్వే అంచనా వేసింది. మధుమేహం ఉన్నవారిలో నూటికి 19 నుండి 34 మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు వచ్చే అవకాశం ఉన్నదని ప్రపంచవ్యాప్త లెక్కలు చెబుతున్నాయి. వచ్చిన పుండ్లలో సగానికి పైగా చీము పడతాయి. ఆ చీము ఒక మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ ఉన్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి వేలో, పాదమో, కాలో తీసేయవలసి వస్తుంది. అంటే మిగిలిన నలుగురికి తీయనక్కర లేదన్న మాట. ఈ రెండో సంగతిని కూడా గుర్తు పెట్టుకోండి. "ఆసుపత్రికి వెళ్తే కాలు తీసేస్తారు" అన్న భయంతోనే చాలామంది ఇంట్లో ఆగిపోతున్నారు. అలా ఆగిపోయిన రోజుల్లోనే కాలు పోతున్నది.

పుండు ఎక్కడి నుండి వస్తుంది?

చాలా ఏళ్ళపాటు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కాళ్ళకు వెళ్ళే నరాలు దెబ్బ తింటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడుస్తున్నట్లు అనిపించడం. తర్వాత అవి కూడా పోతాయి. మంటలు తగ్గాయని కొందరు సంతోషిస్తారు. అది చాలాసార్లు నరం పూర్తిగా మొద్దుబారిందనడానికి గుర్తు. నడుస్తుంటే చెప్పు జారిపోయి వెనక పడిపోయిన సంగతి ఇంకొకరు చెబితే గాని తెలియని స్థితి వస్తుంది. మీకు గానీ మీ ఇంట్లో పెద్దవారికి గానీ ఇలా ఒక్కసారి జరిగినా పాదాలను పరీక్ష చేయించండి. సన్నని నైలాన్ పోగును పాదం మీద ఆనించి స్పర్శ చూసే పరీక్ష ఉంది. 5 నిమిషాల పని.

నరాలు దెబ్బ తింటే చెమట కూడా పట్టదు. చర్మం ఎండి మడమలు పగులుతాయి. వేళ్ళు ముడుచుకుపోయి బరువంతా పాదంలో ఒకే చోట పడుతుంది. అక్కడ ఆనెకాయ కాస్తుంది. పైకి గట్టిగా కనిపించే ఆనె కింద రక్తం గూడు కట్టి, అది చితికి పుండవుతుంది. ఆనెను బ్లేడుతో ఇంట్లో కోసుకోవద్దని చెప్పేది ఇందుకే. ఎంత లోతు కోస్తున్నారో మీకు తెలియదు.

ఇక మన ప్రాంతం సంగతి. కొలకలూరు, దుగ్గిరాల, తెనాలి చుట్టుపక్కలంతా కృష్ణా కాలువల కింద మాగాణి. వరి నాట్లప్పుడు గంటల తరబడి కాళ్ళు బురదనీటిలో నానుతాయి. వేళ్ళ సందులు తెల్లగా నాని, పొరలు ఊడి, అక్కడి నుండి క్రిములు లోపలికి వెళ్ళడానికి దారి ఏర్పడుతుంది. వరి కోతల తర్వాత చేలో మినుము ఉంటుంది. మినుము పీకేటప్పుడు ఎండిన వరి కొయ్యకాళ్ళ మధ్య నడవాలి. అవి మేకుల్లా గుచ్చుకుంటాయి. నిమ్మతోటల్లో పని చేసేవారికి ముళ్ళ సంగతి వేరే చెప్పనక్కర లేదు. నిమ్మముల్లు సన్నగా, లోతుగా దిగుతుంది. పైన గాయం ఒక చుక్కలా కనిపించి మూసుకుపోతుంది. లోపల విరిగిన మొన ఉండిపోతుంది.

పొలం పని లేనివారికీ ప్రమాదాలు తక్కువేమీ కాదు. మే నెల ఎండలో డాబా మీద వడియాలు ఆరబెట్టడానికి ఉత్తకాళ్ళతో వెళ్ళి అరికాళ్ళు బొబ్బలెక్కినవారు ఉన్నారు. కాళ్ళ తిమ్మిరికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుని కాల్చుకునేవారు ఇంకా ఎక్కువ. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఆ కాలికి తెలియదు కదా. రాత్రి నిద్రలో ఎలుక కాలివేలు కొరికినా మెలకువ రాదు. వినడానికి విచిత్రంగా ఉన్నా, పల్లెటూళ్ళలో ఇది నిజంగా జరుగుతున్నదే.

మందిరంలోకి చెప్పులు విడిచి వెళ్ళడం మన పద్ధతి. అందులో మార్పు అక్కరలేదు. కానీ స్పర్శ లేని పాదం ఉన్నవారు శుభ్రమైన నూలు మేజోళ్ళు వేసుకుని లోపలికి వెళ్ళవచ్చు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు గానీ, శివరాత్రికి కోటప్పకొండకు గానీ ఉత్తకాళ్ళతో వెళ్దామని మొక్కుకునే పెద్దవారికి ఇంట్లో పిల్లలు నచ్చజెప్పండి.

క్రిములు లోపల ఏం చేస్తాయి?

మన చర్మం మీద ఎప్పుడూ బాక్టీరియా ఉంటుంది. ఏ పుండు మీదనైనా ఉంటుంది. ఉన్నంత మాత్రాన చీము పట్టినట్లు కాదు. అవి కండలోకి చొచ్చుకుపోయి, శరీరం వాటితో పోరాటం మొదలుపెట్టినప్పుడే దానిని ఇన్ఫెక్షన్ అంటాం. ఈ తేడా చాలా ముఖ్యం. ఎందుకో ముందు ముందు చెబుతాను.

చక్కెర ఎక్కువగా ఉన్న రక్తంలో తెల్ల రక్తకణాలు మందకొడిగా పని చేస్తాయి. క్రిమి ఉన్న చోటికి చేరడం ఆలస్యం, చేరినా దానిని మింగి చంపే శక్తి తక్కువ. రక్తనాళాలు సన్నబడి ఉంటే అసలు అక్కడికి రక్తమే సరిగా చేరదు. మరొక వైపు, ఇన్ఫెక్షన్ మొదలుకాగానే చక్కెర ఇంకా పెరుగుతుంది. చక్కెర పెరిగిన కొద్దీ క్రిములకు ఎదురు తగ్గుతుంది. తిండి మారలేదు, మాత్రలు మానలేదు, అయినా ఉన్నట్లుండి షుగరు 300 దాటింది అంటే ముందు పాదాలు చూడండి. నొప్పి చెప్పవలసిన కబురు ఇలాంటి వారిలో షుగరు పరీక్ష చెబుతుంది.

పాదం లోపలి కట్టడం కూడా క్రిములకు అనుకూలమే. అరికాలిలో కండలు, నరాలు, స్నాయువులు చిన్న చిన్న గదులుగా అమరి ఉంటాయి. ఒక గదిలో చీము చేరితే బయటికి రావడానికి దారి దొరకదు. లోపలే ఒత్తిడి పెరిగి రక్తనాళాలను నొక్కేస్తుంది. స్నాయువుల వెంట చీము మడమ వైపుకు, చీలమండ పైకి పాకుతుంది. అందుకే పైన బఠాణీ గింజంత రంధ్రం, లోపల అరచేయంత చీము ఉండవచ్చు. పుండు చిన్నదే కదా అని కంటితో కొలిచి నిర్ణయించకండి.

ఏ క్రిములు?

కొత్తగా ఏర్పడిన, ఇంకా మందులు వాడని పుండులో ఎక్కువగా కనిపించేవి స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ అనే రెండు రకాలు. మొదటిది చిక్కని పసుపు చీము పట్టిస్తుంది. రెండవది చీము తక్కువ, ఎరుపు ఎక్కువ. సాయంత్రానికి ఎరుపు పాదం నుండి పిక్క మీదికి పాకిందంటే దాని పనే కావచ్చు.

పుండు నెలల తరబడి ఉన్నా, తరచూ నీళ్ళలో నానుతున్నా, ఇంతకుముందే రకరకాల మందులు వాడి ఉన్నా క్రిములు మారిపోతాయి. సూడోమోనాస్, ఇ.కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్ వంటివి చేరతాయి. వీటిని గ్రామ్ నెగిటివ్ క్రిములు అంటారు. (గ్రామ్ అనే డెన్మార్క్ వైద్యుడు 1884లో కనిపెట్టిన రంగు పరీక్షను బట్టి ఈ పేరు వచ్చింది. తూకం గ్రాములకు దీనికి సంబంధం లేదు.) సూడోమోనాస్‌కు నీరంటే ఇష్టం. దాని చీము కట్టుబట్ట మీద ఆకుపచ్చగా మరకలు వేస్తుంది. కుళ్ళిన కండ లోతుల్లో, గాలి సోకని చోట బ్రతికే ఇంకొక జాతి ఉంది. ముక్కు మూసుకోవలసిన దుర్వాసన చాలాసార్లు వాటిదే.

చల్లని దేశాలలో రాసిన పుస్తకాలు ఎక్కువగా స్టాఫిలోకాకస్ గురించే చెబుతాయి. మన దేశపు అనుభవం వేరు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 80 మంది రోగుల పుండ్లను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తం 183 క్రిములు పెరిగాయి. వాటిలో సగానికి కొంచెం పైగా గ్రామ్ నెగిటివ్‌వే. మూడింట ఒక వంతు గ్రామ్ పాజిటివ్‌వి, మిగిలినవి గాలి అక్కరలేనివి. చాలామందిలో ఒకే పుండులో రెండు మూడు రకాలు కలిసి ఉన్నాయి. అంతకంటే కలవరపెట్టే సంగతి, ఆ రోగులలో నూటికి 72 మందిలో పలు రకాల మందులకు లొంగని క్రిములు కనిపించడం. పెద్ద ఆసుపత్రికి చేరేసరికి వారిలో చాలామంది అప్పటికే ఎన్నో మందులు వాడి వచ్చినవారై ఉంటారు.

మాత్రలు తెచ్చుకుంటే సరిపోదా?

మెడికల్ షాపులో పుండు చూపించి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకోవడం, ఊళ్ళో ఆర్.ఎం.పి. గారి చేత రెండు ఇంజక్షన్లు వేయించుకోవడం మన దగ్గర మామూలు. సమయానికి పలికేది వారే కాబట్టి జనం వారి దగ్గరికి వెళ్ళడాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఈ పుండు విషయంలో ఆ పద్ధతి నాలుగు విధాలుగా దెబ్బ తీస్తుంది.

ఇన్ఫెక్షన్ లేని పుండుకు యాంటీబయాటిక్ అక్కరలేదు. ఇచ్చినా పుండు త్వరగా మానదు. ఊరికే వాడితే ఆ మందుకు లొంగే క్రిములు చచ్చి, లొంగనివి మాత్రం మిగిలి పెరుగుతాయి. తర్వాత నిజంగా అవసరమైన రోజున ఆ మందు పని చేయదు. ఇన్ఫెక్షన్ ఉన్న పుండుకైతే యాంటీబయాటిక్ తప్పనిసరి, కానీ ఏదో ఒకటి కాదు. సూడోమోనాస్ మీద అమాక్సిసిలిన్ పని చేయదు. ఇక మందు రక్తం ద్వారానే వెళ్తుంది. నల్లబడి చచ్చిపోయిన కండలో రక్తప్రసారం ఉండదు. ఎంత ఖరీదైన ఇంజక్షనైనా అక్కడికి చేరదు. చివరిగా, జెంటామైసిన్, అమికాసిన్ వంటి కొన్ని ఇంజక్షన్లు మూత్రపిండాలకు హాని చేయగలవు. షుగరు ఉన్నవారి మూత్రపిండాలు చాలాసార్లు అప్పటికే బలహీనంగా ఉంటాయి. క్రియాటినిన్ పరీక్ష చూడకుండా వాటిని వరుసగా వేయించుకోవడం మంచిది కాదు.

"టి.టి. వేయించుకున్నానండీ" అని ధీమాగా చెప్పేవారు కొందరు. టి.టి. గానీ, ఇప్పుడు దాని స్థానంలో ఇస్తున్న టి.డి. గానీ ధనుర్వాతం రాకుండా కాపాడుతుంది. మంచిదే. చీముకు దానితో సంబంధం లేదు.

పసుపు గురించి కూడా చెప్పాలి. దుగ్గిరాల యార్డు పక్కనే ఉండి పసుపును తక్కువ చేసి మాట్లాడలేం. అయినా వంటింటి పసుపు శుభ్రపరచిన మందు కాదు. పైగా దాని రంగు చర్మానికి అంటుకుంటే ఎరుపు ఎంత దూరం పాకిందో చూసే వీలు పోతుంది. కాఫీపొడి, సున్నం, పొగాకు, గుడ్డ కాల్చిన బూడిద ఏదీ వద్దు. పుండు మీద పోస్తే నురగ వచ్చే మందును (హైడ్రోజన్ పెరాక్సైడ్) రోజూ పోసేవారున్నారు. అది క్రిములతో పాటు కొత్తగా పుట్టే కండను కూడా పాడు చేస్తుంది. పరిశుభ్రమైన సెలైన్‌తో గానీ కాచి చల్లార్చిన నీటితో గానీ కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో కట్టి, ఆసుపత్రికి బయలుదేరడం చాలు.

కల్చర్ పరీక్ష

క్రిమి ఏదో, దానికి ఏ మందు పని చేస్తుందో తేల్చేది కల్చర్ పరీక్ష. ఫలితం రావడానికి 2, 3 రోజులు పడుతుంది. అప్పటివరకు డాక్టరు గారు పుండు తీరును బట్టి ఒక మందు మొదలుపెట్టి, ఫలితం వచ్చాక అవసరమైతే మారుస్తారు. "మొన్న ఒక మందు, నేడు ఇంకో మందు రాశారు" అని అనుమానపడకండి. మార్చడమే సరైన పద్ధతి.

పరీక్షకు నమూనా తీసే తీరు ముఖ్యం. పుండు పైన దూదిపుల్లతో తుడిచి పంపితే పైపైన ఉండే క్రిములన్నీ పెరుగుతాయి. అసలు దోషి దొరకకపోవచ్చు. పుండును కడిగి, చచ్చిన పొరలు తీసేసి, అడుగు నుండి చిన్న కండముక్క తీసి పంపడం మేలు. వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి. అందువల్లనే మందుల షాపు మాత్రలు వాడకముందే రమ్మని అడుగుతాం. ఇప్పటికే వాడి ఉంటే దాచకుండా పేర్లు చెప్పండి. ఎవరూ కోప్పడరు.

మాత్రలతో ఇంటి దగ్గరే నయమవుతుందా, ఆసుపత్రిలో చేరాలా అన్నది తీవ్రతను బట్టి ఉంటుంది. వాపు, ఎరుపు, వేడి, నొక్కితే నొప్పి, చీము, ఈ ఐదింటిలో కనీసం రెండు ఉంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్లు లెక్క. ఎరుపు పుండు అంచు నుండి 2 సెంటీమీటర్ల లోపల, అంటే సుమారు బొటనవేలి వెడల్పు లోపల, పైచర్మానికే పరిమితమై ఉంటే స్వల్పం. అది దాటినా, లోతుకు దిగినా ఒక మోస్తరు. దానికి తోడు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు, నాడి నిమిషానికి 90 దాటడం, ఆయాసం వంటివి ఉంటే తీవ్రం. మన చామనచాయ, నలుపు శరీరాల మీద ఎరుపు సరిగా కనిపించదు. చేతి వెనక భాగాన్ని రెండు పాదాలకు ఆనించి వేడిలో తేడా చూడండి. గజ్జల్లో బిళ్ళ కట్టిందేమో తడిమి చూడండి. అయితే ఒక హెచ్చరిక. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్న షుగరు రోగులలో చాలామందికి జ్వరం రాదు. జ్వరం లేదు కదా అన్న ధైర్యం కూడా నొప్పి లేదు కదా అన్న ధైర్యం లాంటిదే.

పుండేమీ లేకుండానే పాదం వేడెక్కి, ఎర్రగా వాచిందనుకోండి. అది చీము కాకపోవచ్చు. స్పర్శ లేని పాదంలో ఎముకలు లోలోపల విరిగి, కీళ్ళు కదిలిపోయే షార్కో జబ్బు కావచ్చు. అక్కడ యాంటీబయాటిక్ దండగ. నడవకుండా కాలికి కట్టు వేయించుకోవడమే వైద్యం.

కత్తి అంటే భయమెందుకు?

చీము ఉంటే దానికి దారి ఇవ్వాలి. చచ్చిన కండ ఉంటే తీసేయాలి. ఇది కాలు తీయడం కాదు, కాలు నిలపడానికి చేసే పని. అది సమయానికి చేయకపోతేనే కాలు తీసే దాకా వస్తుంది. స్పర్శ లేని పాదమైతే కొన్నిసార్లు మత్తు కూడా పెద్దగా అవసరపడదు. శుభ్రం చేశాక పుండు ముందుకంటే పెద్దదిగా కనిపిస్తుంది. "చిన్న పుండుతో తీసుకెళ్తే పెద్దది చేసి పంపారు" అని బంధువులు బాధపడుతుంటారు. లోపల దాగి ఉన్నది ఇప్పుడు బయటికి కనిపిస్తున్నదంతే.

పుండు అడుగున సన్నని లోహపు పుల్లతో మెల్లగా తడిమితే గట్టిగా ఎముక తగలవచ్చు. తగిలితే ఎముకకు కూడా చీము పట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రేలో అది మొదటి 2, 3 వారాలు కనపడకపోవచ్చు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని చెప్పాక కూడా మళ్ళీ తీయమంటే డబ్బు కోసమని అనుకోకండి. కండ వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు సాధారణంగా 1, 2 వారాల మందు సరిపోతుంది. ఎముకకు పాకితే, ఆ ఎముకను తీయకుండా మందులతోనే నయం చేయాలంటే సుమారు 6 వారాలు పడుతుంది. ఒక వేలి ఎముకకు, మొత్తం కాలికి మధ్య ఉన్న తేడా అప్పుడప్పుడు ఈ 6 వారాల ఓపికే.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు మాత్రలు ఆపి ఇన్సులిన్ ఇస్తారు. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి" అన్న మాట నిజం కాదు. ఇన్ఫెక్షన్ తగ్గాక చాలామంది తిరిగి మాత్రలకు వస్తారు. పాదంలో నాడి అందకపోతే రక్తనాళాల పరీక్ష కూడా చేయిస్తారు. నాళం మూసుకుపోయి ఉంటే దానిని తెరిచే చికిత్స జరగాలి. లేకపోతే పుండు ఎన్నాళ్ళకూ మానదు. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారు ఈ సందర్భంలోనైనా మానండి. పొగాకు ఆ సన్నని నాళాలను ఇంకా ముడుస్తుంది.

నడక ఆపితేనే పుండు మానుతుంది

అన్ని మందులూ సరిగా వాడి, రోజూ కట్టు కట్టించుకుని, అదే పాదం మీద ఇంటికి నడిచి వెళ్తే ఏం లాభం? ఈ సంగతిని ప్రపంచానికి గట్టిగా చెప్పినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. తమిళనాడులోని కొల్లిమలైలో 1914లో మిషనరీల ఇంట పుట్టిన ఆయన, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సర్జన్‌గా చేరారు. కుష్ఠు రోగుల కాళ్ళూ చేతులూ ఆ జబ్బు వల్లనే రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఆయన జాగ్రత్తగా గమనిస్తే తేలింది వేరు. స్పర్శ లేకపోవడం వల్ల తగిలిన దెబ్బలను పట్టించుకోక, పుండు మీదే నడిచి, దానిలో చీము పట్టి, పాదాలు పోతున్నాయి. బరువు పాదమంతా సమానంగా పంచే ప్లాస్టర్ కట్టు వేసి నడక తగ్గిస్తే అవే పుండ్లు మానాయి. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాక, షుగరు రోగుల పాదాలలోనూ ఇదే జరుగుతున్నదని చూసి అదే పద్ధతిని వారికీ వాడారు. అరికాలి పుండుకు ఈనాటికీ అది మేలైన చికిత్సలలో ఒకటి. అయితే చీము అదుపులోకి వచ్చి, రక్తప్రసారం బాగున్నదని తేలాకే ఆ కట్టు వేస్తారు.

కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులే ఇప్పుడు షుగరు రోగులకూ రాస్తున్నారు. "ఆ చెప్పులు వేసుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారు" అని సంకోచించేవారు ఉన్నారు. ఇప్పుడవి చూడడానికి మామూలు చెప్పుల్లాగే వస్తున్నాయి. మడమ వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి. వేళ్ళ సందున పట్టీ ఒరిపిడి పెట్టే హవాయి చెప్పులు వద్దు. చెప్పులు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కొంచెం వాచి ఉంటుంది కాబట్టి కొలత సరిగా వస్తుంది.

ఇంట్లో రోజూ చేయవలసింది

పడుకోబోయే ముందు పాదాలు గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి. నీటి వేడిని మోచేతితోనో, షుగరు లేని ఇంకొకరి చేతితోనో చూడాలి. పాదాల పైన, మడమలకు కొబ్బరినూనె రాయండి, వేళ్ళ సందుల్లో వద్దు. అరికాలు కనపడకపోతే కింద అద్దం పెట్టి చూసుకోండి. చూపు తగ్గిన పెద్దవారికి మనవడో మనవరాలో చూసిపెట్టాలి. ఆ వయసు పిల్లల కళ్ళకు చిన్న ముల్లు కూడా దొరుకుతుంది. పొలం వెళ్ళేవారు గట్టు మీదైనా చేలోనైనా ఉత్తకాళ్ళతో నడవకండి. బురదలో దిగక తప్పని రోజున ఇంటికి రాగానే కాళ్ళు కడిగి ఆరబెట్టి చూసుకోండి. చెప్పులు తొడుక్కునే ముందు దులిపి, లోపల చెయ్యి పెట్టి తడమండి.

కొత్త పొక్కు, పగులు, రంగు మారిన చోటు, చెమ్మ కనపడితే మరుసటి రోజే చూపించండి. వాపు పాకుతున్నా, దుర్వాసన వస్తున్నా, వేలు నల్లబడుతున్నా, చలిజ్వరం వచ్చినా, షుగరు ఉన్నట్లుండి పెరిగినా తెల్లవారే దాకా ఆగవద్దు. పుండు చుట్టూ నొక్కితే చర్మం కింద బుడగలు చిట్లినట్లు చప్పుడైతే అది లోపల గాలి చేరుతున్న గుర్తు. గంటలు లెక్క పెట్టుకోవలసిన స్థితి. 108కు ఫోన్ చేయండి. ఖర్చు గురించి ఆలోచించి ఆగిపోకండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం మీకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు.

బయలుదేరేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల ఖాళీ అట్టలు, షుగరు పుస్తకం ఒక సంచిలో వేసుకోండి. నడిచి రావద్దు. ఆటోలోనో, ఇంకొకరి బండి మీదో రండి. రోజూ తొడిగే చెప్పులు కూడా తెండి. పాదంలో పుండు ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా, చెప్పులో దిగిన మేకు మొనో, అరిగిపోయిన గుంటో కనపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. డాక్టరు గారు ముందు పాదం, వెంటనే ఆ చెప్పు చూస్తారు.